గొంతు చిరిగిన ఆర్గన్

మైక్‌సెట్ దుకాణం,
మెట్ల కింద గది.

మహారాజశ్రీ బావగారి సముఖానికి,

నీ ఉత్తరం అందింది. కవరు మీద నా పేరు ముందు 'శ్రీ' అని ఉంది. అది టైపు కొట్టినవాడు నన్నెరగని వాడై ఉంటాడు.

ఫోన్ చేస్తే నేను గేదెలా అరిచి పెట్టేస్తానని, అందుకే ఉత్తరం రాస్తున్నానని అన్నావు. అబద్ధం. పోయినసారి అరిచింది మేకలా. ధ్వని శాస్త్రం చదివి, వచ్చిన పట్టాలన్నీ గోడ నిండా పటాలు కట్టించుకున్నవాడివి, గేదెకీ మేకకీ తేడా తెలియకపోతే ఆ స్టూడియో ఎందుకు, కోళ్ళఫారం పెట్టుకో.

ఇక అసలు సంగతి. మన బ్యాండు పుట్టిన స్టేషను పక్క హాలుని పడగొడుతున్నారు. పడగొట్టే ముందు సాయంత్రం మన పాత పాటలు ఒక్కసారి వాయించమని హాలువాళ్ళు అడిగారు. అక్క పాడుతుంది, ఏర్పాట్లు నీవి. బాగుంది. ఆ పాట ఎత్తుకునే చోట ఆర్గన్ గొంతు చిరిగినట్టు గుర్రుమంటుందే, జనం వచ్చేదే ఆ గుర్రు వినడానికి. అదీ బాగుంది. లోపల పళ్ళచక్రాలు తిరిగే అలాంటి పాత ఆర్గనే వెతికి తెచ్చావు, వాల్వుల ఆంప్లిఫయరూ తెచ్చావు, అన్నీ బిగించావు, కాని ఆ గుర్రు మాత్రం రావడం లేదు. ఇది అన్నిటికంటే బాగుంది. ఈ ముక్క మళ్ళీ మళ్ళీ చదువుకుని నవ్వుకున్నాను.

ఆఖర్న, "నువ్వు రానక్కర్లేదు, అప్పట్లో ఎలా చేసేవాడివో రాసి పంపు చాలు. వాయించడానికి పట్టా ఉన్న మనిషిని పెట్టాను" అన్నావు. అక్కడ నాకు నా బావ నిలువెత్తున కనిపించాడు. కూర కావాలి, వండినవాడు గుమ్మం బయటే ఉండాలి.

కోటు సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావని తెలుస్తూనే ఉంది. మన చివరి కచేరీలో ఎవరో నీ కోటు చేతులు మణికట్టు దగ్గర కుట్టేస్తే, తెర లేచాక నువ్వు వాటిలోంచి చేతులు బయటికి తీయలేక పెంగ్విన్ పక్షిలా రెక్కలాడించావు. జనం ఈలలు వేశారు. నీ గిటారుకి ఎన్నడూ పడని ఈలలు నీ కోటుకి పడ్డాయి. దానికి నువ్వు నాకు దండ వెయ్యాలి, బ్యాండులోంచి గెంటడం కాదు.

సరే, రాసుకో. స్పీకరు పెట్టెని బాత్రూములో గోడ వైపు తిప్పి పెట్టు. దాని ముందు బకెట్టు నిండా నీళ్ళు పట్టి ఉంచు. పెట్టె మీద మందపాటి దుప్పటి కప్పు. అంతే. రహస్యం బయటికి పొక్కనీకు.

సాయంత్రాలు నాకు తీరిక ఉండదు. వేరే పని పెట్టుకున్నాను. ఏమిటని అడక్కు.

నీ కర్మకొద్దీ దొరికిన,
బావమరిది.

*

స్టూడియో,
రెండో అంతస్తు.

బామ్మర్దికి,

బాత్రూములో పెట్టాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. నువ్వు ఒకప్పుడు స్పీకరు పెట్టెని కుర్చీ మీద తలకిందులుగా పెట్టి వాయించినవాడివి కనక, ఇందులోనూ ఏదో ఉంటుందని నమ్మాను. ఆర్గన్ నూతిలో పడ్డవాడు కేకలేసినట్టు మోగింది. షవరు కింద గోడ పలకలు ఊడి బకెట్టులో పడ్డాయి. మీ అక్క పక్కవాటా వాళ్ళింటికి వెళ్ళి స్నానం చేసి వస్తోంది. రోజూ వెళ్తూ నీ పేరు చెప్పి నన్ను తిడుతోంది.

నువ్వు బడి మధ్యలో మానేసినవాడివి, నీకు చెప్పినా ఎక్కదు. అయినా చెబుతాను. పాత ఫోటోలో నీ ఆర్గన్ మీద ధ్వని తీరు మార్చే లాగుడు మీటలు ఎంతెంత బయటికి ఉన్నాయో భూతద్దం పెట్టి చూసి అలాగే లాగాను. వాల్వులు అప్పటి రకమే వేశాను. ఆంప్లిఫయరు తట్టుకోగలిగినంత కంటే ఎక్కువ పెంచాను, గొంతు చిరగాలి కదా. చిరుగుతోంది. కాని ఎలా చిరుగుతోందంటే, దర్జీ కొలత పెట్టి కత్తిరించినట్టు. అప్పటిది అలా ఉండేది కాదు. కుక్క పట్టి లాగినట్టుండేది.

వాయించే మనిషిలో లోపం లేదు. సంగీత కళాశాలలో పాఠం చెప్పేవాడు. కింద కాలి మీటలు జారకుండా బూట్లు విప్పి మేజోళ్ళతో కూర్చుంటాడు. కుడి చెయ్యి ఒక మాట అంటే ఎడమ చెయ్యి ఇంకో మాట అంటుంది, రెండూ కలిసి అర్థవంతంగా ఉంటాయి. నీ కుడి చెయ్యి మాత్రం వంక పెట్టడానికి వీల్లేనిదని ఒప్పుకుంటాను. ఎడమ చెయ్యి గురించి నేనేమీ అనను, ఎప్పుడూ చూడలేదు. స్టేజీ మీద నీ వీపే నాకు కనపడేది. అదే నీ ముఖం కంటే నయం.

గిటారు ఎవరు వాయిస్తారని అడుగుతావు. ఎవరో ఒకరు. నేను వెనక సౌండు మిక్సరు దగ్గర కూర్చుంటాను. కారణం నీకు అనవసరం.

పెన్‌డ్రైవులో మేం చేసింది పంపుతున్నాను. విని, ఈసారన్నా మనిషిలా జవాబు రాయి.

బావ.

*

మైక్‌సెట్ దుకాణం.

కొలత పెట్టి కత్తిరించే బావకి,

విన్నాను. దుకాణంలో ఉన్న పెద్ద పెట్టెకి తగిలించి మరీ విన్నాను. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే ఆయన పంపు కింద పడేసి వచ్చాడు.

"ఏంటండీ ఇది, ఏదన్నా ఆఫీసుకి ఫోన్ చేస్తే కాసేపు ఆగమని వేస్తారే, అదా?"

"కాదండీ. మా బావ సృష్టించిన రాక్ సంగీతం."

"అయ్యో పాపం" అని తల అడ్డంగా ఊపి వెళ్ళాడు. నిన్ను చూసింది లేదు, అయినా జాలిపడ్డాడు. నీ కీర్తి అలాంటిది.

బావా, అది ఆర్గన్ కాదు. తప్పు చేసి హెడ్మాస్టరు గదిలో చేతులు కట్టుకు నిలబడ్డ ఆర్గన్. గుర్రుమనే ముందు "అనుమతిస్తారా" అని అడుగుతోంది. మీ మేజోళ్ళాయన వాయించే ప్రతి స్వరం తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, వరసలో నిలబడి బయటికి వస్తోంది. ఒక్కటన్నా పక్కదాన్ని తోసుకుని రావద్దూ? అప్పుడు మన పాట మొదలైతే ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కుర్చీ చేతులు పట్టుకునేవాళ్ళు. ఇది వింటే చెయ్యెత్తి మంచినీళ్ళు అడుగుతారు.

నీ రోగానికి మందు నా దగ్గర ఉంది. స్పీకరు పెట్టె వెనక పలక విప్పి లోపల గుప్పెడు గోళీలు పొయ్యి. గాజువి, రంగురంగులవి. కింది స్వరాలకి అవి లోపల గిరగిరా కొట్టుకుంటాయి, అదే ఆ గుర్రు. పలక మళ్ళీ బిగించకు, ఊపిరి ఆడాలి.

ఒక్క సంగతి అడుగుతాను, నా కోసం కాదు, ఊరికే. ఇక్కడ నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. రెండు చేతులూ సమానంగా ఆడతాయి, ఎడమ చేత్తో కూడా చక్కగా వాయిస్తాడు. అలాంటివాడు వస్తానంటే ఆ మేజోళ్ళని దింపేసి కూర్చోబెట్టుకుంటావా? పట్టా మాత్రం లేదు.

బావమరిది.

*

స్టూడియో.

నీకు,

సంబోధన కూడా దండగ.

గోళీలు పోశాను. గుర్రు రాలేదు. పాట మధ్యలో గోళీలు మాత్రం వెనక తెరిచి ఉంచమన్న పలకలోంచి ఒక్కొక్కటీ దూకి గచ్చు మీద పరుగెత్తాయి. అదే సమయానికి ఆయన లేచాడు. మేజోళ్ళు, గోళీలు, నున్నటి గచ్చు. మిగతాది నువ్వు ఊహించుకుని ఆనందించు, ఎలాగూ అందుకే రాశావు. ఇప్పుడు కింద దిండు వేసుకుని వాయిస్తున్నాడు. నన్ను చూసినప్పుడల్లా ముందు నేల చూసుకుంటున్నాడు.

నీకు తెలిసిన ఆ రెండు చేతులాయన్ని నీ దగ్గరే ఉంచుకో. నీకు తెలిసినవాళ్ళెవరూ నాకు వద్దు.

ఇక ఆ ధ్వని జోలికి వెళ్ళను. అది లేకుండానే కానిద్దాం అన్నాను. మీ అక్క గరిటె పక్కన పెట్టి ఒకటే మాట అంది. "ఆ గుర్రు వీపుకి తగిలితేనే నా గొంతు లేస్తుంది. అది లేకపోతే నేను స్టేజీ ఎక్కను. హాలువాళ్ళకి మీరే చెప్పుకోండి."

మీ అక్క పాడకపోతే కచేరీ లేదు. నీ హాస్యం ఇక్కడిదాకా తెచ్చింది. తృప్తిగా ఉందా?

ఇది నా చివరి ఉత్తరం.

*

మైక్‌సెట్ దుకాణం.

బావకి,

చివరి ఉత్తరానికి కూడా జవాబు రాయడం మర్యాద కనక రాస్తున్నాను.

గోళీల సంగతి చదివి నవ్వాను. దిండు దగ్గర ఇంకా నవ్వాను. అక్క మాట దగ్గర నవ్వు రాలేదు.

నిజం చెబుతాను, నమ్మితే నమ్ము. ఆ గుర్రు ఎలా వచ్చేదో నాకూ తెలియదు. కూర్చునేవాణ్ణి, వాయించేవాణ్ణి, అది గుర్రుమనేది. ఆంప్లిఫయరులో ఏదో ఉండేదనుకున్నాను. తెలియదని రాస్తే నీ ముందు నా పరువేం కాను? అందుకని బాత్రూము రాశాను.

నువ్వు ఒక్కసారి "రారా" అని ఉంటే వచ్చేవాణ్ణి. అనలేదు. ఎందుకంటావు, గోడ మీద పటాలు ఒప్పుకోవు కదా.

అక్కని స్టేజీ ఎక్కమను.

*

వంటింటి బల్ల.

ఒరేయ్ తమ్ముడూ,

ఇదే ఉత్తరం ఇంకోటి రాసి మీ బావ మిక్సరు మీద కూడా పెడుతున్నాను. ఇద్దరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. ఇన్నాళ్ళూ మీ ఇద్దరి ఉత్తరాలూ చదువుతూ వచ్చాను. ఒకడు వెర్రివాడు, రెండోవాడు చదువుకున్న వెర్రివాడు.

మీ బావ ఆంప్లిఫయరు విప్పుతాడు, మళ్ళీ బిగిస్తాడు. నువ్వు బకెట్లు, గోళీలు అంటావు. అప్పట్లో స్టేజీ మీద నీ పక్కన నిలబడి పాడినదాన్ని నేను. నన్ను ఒక్కళ్ళన్నా అడిగారా? ఆడమనిషికి పాట తప్ప ఏం తెలుస్తుంది అనుకున్నారు కామోసు.

నీకు ఎడమ చెయ్యి రాదురా. ఏనాడూ రాలేదు. అది జనానికి తెలియకూడదని అరచెయ్యి బోర్లించి ఆర్గన్ ఎడమ చివర లావు స్వరాల మెట్ల మీద పడుకోబెట్టేవాడివి. నిద్రపోయే పిల్లిలా అక్కడే ఉండేది. నేను గొంతు ఎత్తినప్పుడు నీకు కంగారు పుట్టి బరువంతా దాని మీద వేసేవాడివి. అప్పుడే గుర్రుమనేది. నీ చెయ్యి లేచినప్పుడు ఆర్గన్ మామూలుగా పాడేది. ప్రతిసారీ చూశాను.

మీ బావకి: కోటు మీద కోపం ఇక చాలు. కుట్టింది నేను. వీడికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని మీకు తెలుసు, అయినా ఇన్నేళ్ళూ వీడి మీదే పెట్టారు. శ్రుతి చేసుకుంటూ జనాన్ని విసిగించేవారని కుట్టాను. తెలిసి కూడా వీడు నోరెత్తలేదు. అందుకే బ్యాండులోంచి పోయాడు.

నీకు: మీ బావ గిటారు ఎందుకు పట్టడం లేదంటే, ఎడమ చేతి వేళ్ళు బిగుసుకుపోయాయి. తీగల మీదికి ముడుచుకోవు. చొక్కా గుండీలు నేను పెడుతున్నాను. ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబుతున్నాను. ఇంట్లో ఒక్కరన్నా నోరు విప్పకపోతే ఎలా?

నేను స్టేజీ ఎక్కడం మీ ఇద్దరి చేతుల్లో ఉంది.

అక్క.

*

స్టూడియో,
రెండో అంతస్తు.

ఒరేయ్ బామ్మర్దీ,

మళ్ళీ రాయనన్నాను. రాస్తున్నాను. ఇందులో నీ గొప్పేమీ లేదు.

మీ అక్క చెప్పింది నిజం. కింది లావు స్వరాలు నొక్కి ఉంచితే ఆంప్లిఫయరు పొట్ట వాటితోనే నిండిపోతుంది. పైన కుడి చెయ్యి వాయించేవి నిండు బస్సులోంచి దిగేవాడిలా ఆ జనాన్ని తోసుకుని, చొక్కా చింపుకుని బయటపడాలి. ఆ చిరుగే మన ధ్వని. నేను ఇంతకాలం బస్సు మార్చాను, చక్రాలు మార్చాను, లోపల జనాన్ని ఎక్కించాలన్న బుద్ధి పుట్టలేదు. అంటే మన బ్యాండుకి వచ్చిన పేరంతా, నీకు ఎడమ చెయ్యి రాకపోవడం వల్ల వచ్చింది. ఈ వాక్యం రాస్తుంటే నాకు కలిగిన బాధ నీకు అర్థం కాదు.

వెంటనే మేజోళ్ళాయన్ని కూర్చోబెట్టాను.

"ఎడమ అరచెయ్యి బోర్లించి అక్కడ పెట్టండి."

"ఏ స్వరాలు?"

"ఏవైనా సరే. వాయించకండి, ఊరికే పెట్టండి."

"ఊరికే అంటే ఏ తాళంలో?"

పెట్టాడు. ఒక్క క్షణం గుర్రుమంది, నా వీపు జలదరించింది. అంతలో ఆ చేతి వేళ్ళు వాటంతట అవే లేచి, చక్కటి స్వరాలు వెతుక్కుని, శాస్త్రం ప్రకారం సర్దుకున్నాయి. వద్దని చెప్పాను. చేతి మీద పుస్తకం బరువు పెట్టాను. దాని కిందనించి కూడా వాయించాడు. చదువుకున్న చెయ్యి ఖాళీగా పడుకోలేదురా. దానికి సిగ్గు.

కాబట్టి నువ్వు రావాలి. కోటు విషయంలో నేను పొరబడ్డాను, అక్కడితో ఆ సంగతి అయిపోయింది, మళ్ళీ ఎత్తకు. నీ కుడి చెయ్యి తీసుకురా. నీ తెలివితక్కువ ఎడమ చెయ్యి మాత్రం తప్పకుండా తీసుకురా. ప్రపంచంలో ఇంత పనికిమాలిన చెయ్యి ఇంకోటి దొరకదు.

రారా. అన్నాను. చాలా?

నా వేళ్ళ గురించి వచ్చాక ఒక్క మాట కూడా మాట్లాడకు.

బావ.

*

మైక్‌సెట్ దుకాణం,
మెట్ల కింద గది.

బావా,

నీ ఉత్తరం చదివి గల్లాపెట్టె మీద తల పెట్టుకుని కూర్చున్నాను. సైకిళ్ళాయన వచ్చి "మళ్ళీ మీ బావేనా?" అన్నాడు.

నేను సాయంత్రాలు ఏదో పని అన్నానే, అదేమిటో విను. హాలు పడగొడతారని నీకంటే ముందే తెలిసింది నాకు. కచేరీ ఉంటుందని, నువ్వు పిలుస్తావని, ఈసారి స్టేజీ మీద దొంగచెయ్యి పెట్టి కూర్చోకూడదని అనుకున్నాను. పిల్లలకి పియానో నేర్పే పంతులమ్మ దగ్గర చేరాను. ఆవిడ ఇంట్లో బల్లలన్నీ చిన్నవి. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, పాలపళ్ళు ఊడినవాళ్ళ మధ్య ఎడమ చేతి పాఠాలు నేర్చుకున్నాను. నా అరచెయ్యి కిందికి వాలితే చాలు, ఆవిడ పెన్సిలుతో కింద పొడిచేది. "మణికట్టు పైకి. ఇది చెయ్యా, ఆరేసిన తడిగుడ్డా?" అనేది. నేను అందరినీ ఏడిపిస్తాను, నన్ను ఏడిపించింది ఆవిడొక్కతే.

నీకు రాశానే, రెండు చేతులూ సమానంగా ఆడే ఒకాయన ఉన్నాడని. నేనే.

నీ ఉత్తరం అందగానే పంతులమ్మ ఇంటికి పరుగెత్తాను. అరచెయ్యి బోర్లించి మెట్ల చివర పడుకోబెట్టాను. పెట్టానో లేదో వేళ్ళు లేచి నడవడం మొదలుపెట్టాయి. మణికట్టు దానంతట అదే పైకి వచ్చింది. ఆవిడ వెనకనించి "శభాష్" అంది. అంత మురికి మాట నా జన్మలో వినలేదు. నాకున్న ఒక్క ఆస్తినీ చదువు చెప్పించి పాడుచేసుకున్నాను బావా. నీ మేజోళ్ళాయనకీ నాకూ ఇప్పుడు తేడా మేజోళ్ళే.

నవ్వడం అయిందా? అయితే విను.

మన ఇంట్లో స్వరాల మెట్ల సంగతి ఏమీ తెలియని చెయ్యి ఇంకొకటి ఉంది. ఆర్గన్ని ముట్టుకుని ఎరగదు. పెన్సిలుతో పొడిచినా ముడుచుకోదు. చదువంతా చెవులకీ నోటికీ పోయింది కనక ఆ చేతికి చదువు అంటలేదు. బోర్లిస్తే బల్లపరుపుగా పడుకుంటుంది, తీసేదాకా లేవదు. గుండీ పెట్టలేదు కాబట్టి స్వరం వెతుక్కుంటుందన్న భయమూ లేదు. అలాంటి చెయ్యి కోసం ఊళ్ళన్నీ వెతికినా దొరకదు, నీ చొక్కాలోనే వేలాడుతోంది.

నువ్వు నా ఎడమ పక్కన కూర్చుంటావు. వాయించకు. వాయించడం నీకు రాదు, గిటారూ ఎప్పుడూ రాలేదు, నేను మర్యాదకి చెప్పలేదు. అరచెయ్యి లావు స్వరాల మీద పెట్టు, ఊరుకో. అక్క గొంతు ఎత్తేటప్పుడు నేను నీ కాలు తొక్కుతాను, అప్పుడు బరువంతా వెయ్యి. మిక్సరు దగ్గర మేజోళ్ళాయన్ని కూర్చోబెట్టు. దిండు కూడా అక్కడే వేసుకోమను.

వేళ్ళ గురించి మాట్లాడొద్దన్నావు. మాట్లాడాను. ఏం చేస్తావు, పిడికిలి కూడా పట్టలేవు.

శనివారానికి వస్తున్నాను. పాత కోటే వేసుకో. చేతులు మాత్రం అక్కనడిగి ముందే చూసుకో.

నీ కుడి చెయ్యి,
బావమరిది.

*

స్టూడియో.

నీకు,

ఆ స్టూలు ఒక్కడికే సరిపోతుంది. ఇద్దరు కూర్చునే బల్ల చేయిస్తున్నాను. నీ వైపు చిన్నగా ఉంటుంది, సర్దుకో.

నిన్న ఎవరూ లేనప్పుడు చెయ్యి పెట్టి చూశాను. కుడివైపు స్వరాలు మీ అక్క వచ్చి వేలితో నొక్కింది. కింద వాటాలోంచి ఇద్దరు మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టారు. తిట్టడానికేమో అనుకున్నాను. అక్కడే నిలబడి, "మళ్ళీ ఒకసారి వినిపించండి" అన్నారు.

గోళీలు తేకు.

బావ.